నిన్న అనే మాట

ఆ వసంతంలో ఒక కృతి మొత్తాన్ని నేను భోజనాల బల్ల మీద నేర్చుకున్నాను. బల్ల మీది గుడ్డ తీసేసి, ఎదురుగా రాతప్రతి నిలబెట్టుకుని, ఓక్ చెక్క మీద పది వేళ్లూ ఆడిస్తూ కూర్చునేదాన్ని. గోళ్ల టకటక తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. మా మేనత్త ఫ్రాడెల్ పక్క కుర్చీలో కళ్లు మూసుకుని వినేది. వినేది అనే అంటాను. ఎందుకంటే ఉన్నట్టుండి, కళ్లు తెరవకుండానే, "అక్కడ తప్పు" అనేది.

"ఏం తప్పు అత్తయ్యా? చెక్కే కదా!"

"చెక్కయితే? నాలుగో వేలు పడాల్సిన చోట మూడోది పడింది. నీ ఎడమచెయ్యి ఇంకా గ్లోగావ్‌లోనే ఉండిపోయినట్టుంది. దాన్ని కూడా బండెక్కించి తెప్పించుకోవే."

గ్లోగావ్ మా ఊరు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. వేసవి మొదట్లో మా యూదుల వారాల పండుగ వెళ్లగానే అత్తయ్య కొడుకు ఆన్షెల్‌తో నా పెళ్లి. ఆన్షెల్ బావ లైప్‌జిగ్ సంతలో పట్టు అమ్ముతున్నాడు. బెర్లిన్ పద్ధతులు ముందే అలవాటవుతాయని చెప్పి నన్ను చలికాలం పోకుండానే వాళ్లింటికి పంపారు. అసలు సంగతి నాకు ఇక్కడికి వచ్చాక, ఆ రాతప్రతి మొదటి పేజీ చూశాక అర్థమైంది. దాని మీద లోబెక్ గారి వంకర దస్తూరీలో ఇలా ఉంది: "ఫ్రాడెల్ అమ్మగారి చేతుల కోసం."

లోబెక్ ఒకప్పుడు రాజుగారి కొలువులో వాద్యకారుడు. అత్తయ్య చిన్న కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు హార్ప్సికార్డు అనే మీటల వాద్యంలో మెళకువలు నేర్పినవాడు. తరవాత ఆయన బాణీ పాతబడిపోయింది, కొలువులో పిలుపులు ఆగిపోయాయి. ఆయన రాసినవి నకళ్లు తీయించింది, గురువారాలు తన ఇంట్లో నలుగురినీ పిలిచి వాయించి వినిపించింది అత్తయ్యే. "నీ చేతుల కోసమని ఒకటి రాస్తాను" అని ఆయన మాట ఇచ్చి ముప్పై ఏళ్లయింది. ఆ చలికాలం తెచ్చి ఇచ్చాడు. అప్పటికి అత్తయ్య వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా వాచి, కాఫీ గిన్నెను రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నిలిచేది కాదు. ఆమె ఆ కాగితాలు చదివి, నవ్వి, మా నాన్నకు ఉత్తరం రాసిందట, పిల్లను తొందరగా పంపించమని.

అంటే నేను కోడలిగా రాలేదు, రెండు చేతులుగా వచ్చాను. ఈ ఆలోచన నన్ను ఎంత బాధపెట్టిందో అంత రహస్యంగా దాచుకున్నాను. పైకి మాత్రం నా అంత వినయంగల పిల్ల ఇంకొకతె ఉండదు.

బల్ల మీద ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందంటే, అది లెక్కల కాలం. పస్కా పండుగ రెండో రాత్రి నుంచి వారాల పండుగ దాకా నలభై తొమ్మిది రోజులు మేము రోజుకొకటి చొప్పున లెక్కపెడతాం. ఆ రోజుల్లో కొన్నాళ్లు పెళ్లిళ్లు ఉండవు, క్షౌరం ఉండదు, పాట ఉండదు, వాద్యం ఉండదు. ఆ కొన్నాళ్లు ఏవి అన్న దగ్గర మాత్రం ఊరికొక ఆచారం. మా నాన్న ఇంట్లో మొదటి ముప్పై రెండు రోజులూ మౌనం. ముప్పై మూడో రోజుతో విడుపు, ఆ తరవాత ఇష్టమొచ్చినంత సంగీతం. అత్తయ్య భర్త, మామయ్య ఫైబిష్‌ది ఫ్రాంక్‌ఫర్ట్ వంశం. వాళ్లకు మొదటి రెండు వారాలూ అభ్యంతరం లేదు, తరవాత కొత్త నెల పుట్టింది మొదలు పండుగ దాకా కటిక మౌనం. మధ్యలో ముప్పై మూడో రోజు ఒక్కటే వాళ్లకూ విడుపు. అంటే రెండు ఇళ్లకూ కలిసొచ్చే రోజు అదొక్కటే.

పస్కా వెళ్లిన మర్నాడు అత్తయ్య హార్ప్సికార్డు మూత తీసి నన్ను కూర్చోమంది. మామయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ పిల్ల వాయించకూడదు ఫ్రాడెల్."

"ఏమండీ, మన ఇంట్లో ఇంకో వారం వాయించుకోవచ్చుగా!"

"మనం వాయించుకోవచ్చు. ఆ పిల్లకి ఇంకా పెళ్లి కాలేదు. మన ఇంటి పేరు వచ్చేదాకా తండ్రి ఆచారమే దాని ఆచారం. వాళ్లింట్లో ఇవాళ మౌనం."

"అయితే ఈ వారం వాళ్ల మౌనం, తరవాత మన మౌనం! ఈ పిల్ల ఇంక వాయించేది ఎప్పుడు?"

"ముప్పై మూడో రోజున" అన్నాడు మామయ్య, ఇంత చిన్న లెక్క కూడా రాదా అన్నట్టు. లెక్క తప్పితే ఆయన ఓర్చుకోలేడు. అచ్చువేసిన పంచాంగంలో తప్పులు కలంతో దిద్దేవాడు. అతిథులు మాటవరసకు "ఓ వందమంది వచ్చారు" అంటే, "ఎనభై ఆరు" అనేవాడు.

అత్తయ్య మూత మూసేసింది. మర్నాటి నుంచి మేము భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం.

ఆ ముప్పై మూడో రోజు మంగళవారం పడింది. గురువారం తెల్లవారి టపా బండిలో లోబెక్ గారు స్టెటిన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు, మళ్లీ రానివాడిగానే. కళ్లలో పొరలు కమ్మి, తన దస్తూరీ తనకే సగం కనబడటం లేదు. ఆ కృతిని ఆయనా ఇంకా చెవులతో వినలేదు, అత్తయ్యా వినలేదు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, నలుగురు తీగవాద్యాల వాళ్లను వెంటబెట్టుకుని వస్తాడు. నేను మధ్యలో కూర్చుని వాయించాలి. ఇరవైమంది అతిథులు వింటారు.

నాకు వాయించడం రాక కాదు. వింటున్న ముఖాలు చూస్తే చెయ్యి బిగుసుకుపోయేది. పస్కాకు నెల ముందు వచ్చే పూరీము పండుగ వెళ్లిన గురువారం అత్తయ్య నన్ను మొదటిసారి కూర్చోబెట్టింది. చిన్న ముక్కే. సగంలో ఎవరో దగ్గారు. అంతే, నా ఎడమచెయ్యి మీటల మీద అలాగే ఆగిపోయింది. అది నాది కానట్టు దానివంక చూస్తూ కూర్చున్నాను. "పిల్ల ఆలోచిస్తోంది, బెర్లిన్‌లో అదీ ఒక ఫ్యాషనే కదా" అని అత్తయ్య నవ్వించి కప్పిపుచ్చింది. అందుకే తరవాత నాకు చెక్క మీద వాయించడమంటే ఇష్టం పుట్టింది. చెక్క ఏమీ అనదు. ముప్పై మూడో రోజు దగ్గరపడుతున్న కొద్దీ నా లోపల ఏదో ఆ రోజును రెండు చేతులతో వెనక్కి నెడుతూ ఉండేది.

ఆదివారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, లోబెక్ గారి ఇల్లు చూసుకునే డోర్తె తలుపు తట్టింది. ఏటా ఇదొక తంతు. ముప్పై మూడో రోజున రమ్మంటే ఆయన వారమూ తారీఖూ అడగడు, మా లెక్క అడిగి మిగతాది తనే కట్టుకుంటాడు. యూదుల లెక్క తనకు వచ్చునని ఆయనకు మహా గర్వం.

"అమ్మాయిగారూ, మా ముసలాయన అడగమన్నాడు, మీ లెక్క ఎందాకా వచ్చిందని" అంది డోర్తె మెట్ల మీద ఆయాసపడుతూ. "తొందరగా చెప్పండి, పొయ్యి మీద క్యాబేజీ ఉంది. మాడితే ఆయన దాని మీద కూడా ఒక పాట కడతాడు."

అత్తయ్య ఇంట్లో లేదు. నేను లోపలికి వెళ్లాను. మామయ్య కిటికీ దగ్గర నిలబడి చుక్క కోసం చూస్తున్నాడు.

"మామయ్యా, లెక్క ఎన్నోదని డోర్తె అడుగుతోంది."

"నిన్న ముప్పై ఒకటి" అన్నాడు తల తిప్పకుండా.

మా ఇళ్లలో ఏ పిల్లనడిగినా చెబుతుంది ఈ జవాబు ఎందుకో. మాకు రోజు సాయంత్రంతో మొదలవుతుంది. చీకటి పడ్డాక, దీవెన చదివి, అప్పుడు కొత్త అంకె పలకాలి. ఈలోపు ఎవరైనా అడిగితే ఆ అంకె నోట రాకూడదు. వచ్చిందా, లెక్కపెట్టినట్టే అయిపోతుంది, దీవెన దక్కకుండా పోతుంది. అందుకని నిన్నటిది చెబుతాం. నిన్న ఇంత, అంటాం. మిగతాది అడిగినవాళ్లు ఊహించుకోవాలి.

కిటికీ నుంచి తలుపు దాకా ఇరవై అడుగులు ఉండవచ్చు. నేను నడిచి వెళ్లి, "ముప్పై ఒకటి" అన్నాను.

"ముప్పై ఒకటి" అని డోర్తె బొటనవేలు మడిచి పట్టుకుంది, దారిలో జారిపోకుండా. వెళ్లిపోయింది. తలుపు వేస్తుంటే కరిచే చెప్పు విప్పినంత హాయి అనిపించింది. ఆ హాయి ఎందుకని నన్ను నేను అడగలేదు.

మంగళవారం పొద్దున శ్రుతి చేసేవాడు వచ్చి, తెగిన తీగలు మార్చి, రెండింటిదాకా కూర్చున్నాడు. బాదం రొట్టెలు, నిమ్మతొక్క వేసిన చల్లని చేప, కాఫీ అన్నీ సిద్ధం. మూడింటికి అతిథులు వచ్చారు. మూడున్నర అయింది. నాలుగయింది. నాలుగు ఖాళీ కుర్చీలు, నాలుగు కాగితాల స్టాండులు, లోబెక్ గారి కోసం కిటికీ పక్కన వేసిన పెద్ద కుర్చీ. అత్తయ్య పంపిన పనిమనిషి తిరిగి వచ్చి చెవిలో ఏదో చెప్పింది. లోబెక్ గారు నలుగురినీ తీసుకుని షార్లోటెన్‌బుర్గ్‌లో ఎవరో జమీందారు తోటలో వాయించడానికి పొద్దున్నే వెళ్లాడట.

ఆ మాట ఎలా పాకిందో, కౌన్సిలరు గారి భార్య ఫ్రావ్ ఫొన్ హాల్డెన్ విసనకర్ర వెనక నుంచి అంది: "మీ ముసలాయనకి మీకంటే పెద్ద ఇంటి నుంచి పిలుపు వచ్చినట్టుంది ఫ్రాడెల్ గారూ!"

"అంతకంటే ఏం కావాలి! ముప్పై ఏళ్లుగా ఆ పెద్ద ఇళ్ల వాళ్లందరినీ ఆయన్ని పిలవమనే కదండీ బతిమాలుతున్నాను" అంది అత్తయ్య. "మీ ఇంటికి కూడా వచ్చి అడిగినట్టు గుర్తు."

నవ్వులు. ఫ్రావ్ ఫొన్ హాల్డెన్ కూడా నవ్వక తప్పలేదు. కాని వదల్లేదు.

"పోనీ, కాబోయే కోడలు ఉందిగా. తన ఒక్కదాన్నే వాయించమనండి."

ఇరవై ముఖాలు నా వైపు తిరిగాయి. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. ఎడమచెయ్యి చల్లబడడం నాకు తెలుస్తూనే ఉంది. అత్తయ్య నా ముఖంలోకి చూసింది, ఒక్క క్షణమే.

"ఇది ఒక్కళ్లు వాయించేది కాదండీ" అంది. "కాఫీ చల్లారిపోతోంది, తీసుకోండి."

అందరూ వెళ్లిపోయేసరికి ఆరయింది. నేను గిన్నెలు పోగు చేస్తున్నాను. అత్తయ్య హార్ప్సికార్డు ముందు నిలబడి, వాచిన వేలొకటి చాచి, ఒక మీట నొక్కింది. ఒకే ఒక స్వరం. గదిలో కాసేపు ఉండి, ఆగిపోయింది. అంతటితో ఆ ఏటి ముప్పై మూడో రోజు అయిపోయింది.

నా చేతిలోని గిన్నెలు కింద పెట్టాను.

"అత్తయ్యా, ఆదివారం డోర్తె వచ్చినప్పుడు మామయ్య 'నిన్న ముప్పై ఒకటి' అన్నారు. నేను డోర్తెతో 'నిన్న' అనలేదు. ముప్పై ఒకటి అని మాత్రమే చెప్పాను."

అత్తయ్యకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. డోర్తె లాంటి మనిషికయితే ఆ తేడా వల్ల ఏమీ అయ్యేది కాదు. ఆదివారం ముప్పై ఒకటయితే మంగళవారం ముప్పై మూడు, సరిపోయేది. కాని లోబెక్ గారికి మా సంగతులు తెలుసు. సాయంత్రంతో మా రోజు మొదలవుతుందని తెలుసు. దీపాల వేళ 'ముప్పై ఒకటి' అన్నారంటే, ఆ రోజు అప్పుడే పుట్టింది, సోమవారమంతా అదే నడుస్తుంది, మంగళవారం ముప్పై రెండు, బుధవారం ముప్పై మూడు. ఆయన లెక్కలో ఏ తప్పూ లేదు. నేను ఒక్క మాట మింగాను, అంతే.

"మర్చిపోయావా?" అంది అత్తయ్య.

"మర్చిపోయాననే అనుకున్నాను. ఇందాకటిదాకా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎడమచేతి చూపుడు వేలు నా ముందుకు చాచింది. గోరు మీద అడ్డంగా ఒక పాత మచ్చ ఉంది. అన్ని రోజులు ఆ చేతులు చూస్తూ కూడా, వాపు తప్ప ఇంకేమీ చూడలేదు నేను.

"నేను నలుగురి ముందు మొదటిసారి వాయించాల్సిన రోజుకి ముందు రోజు దీన్ని తలుపు సందులో పెట్టుకున్నాను. పొరపాటున నలిగిందని మా అమ్మ ఊరంతా చెప్పింది. నేనూ అదే చెప్పాను. నలభై ఏళ్లుగా అదే చెబుతున్నాను." చెయ్యి వెనక్కి తీసుకుని, "నువ్వు నయం. మాట ఒకటే మింగావు" అంది.

ఏడుపు వచ్చింది నాకు. ఏడుపులోంచే, "రేపు ఆయన వస్తారు కదా అత్తయ్యా?" అన్నాను.

"వస్తాడు. రేపు ముప్పై నాలుగు. మీ మామయ్య ఒప్పుకోడు, ఒప్పుకోమని నేనూ అడగను. పెళ్లయిన నాటి నుంచి ఏటా పండుగ దాకా మిగిలే ఈ పదహారు రోజులూ నేను నోరెత్తలేదు."

"రావద్దని కబురు పంపనా?"

"ముప్పై ఏళ్లుగా వస్తున్న మనిషిని కబురు పంపి వద్దంటామా? రానీ. ముఖం చూసే చెబుతాను."

బుధవారం సరిగ్గా మూడింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. లోబెక్ గారు కొత్తగా పిండి పూసిన విగ్గు పెట్టుకుని, వెనక నలుగురు వాద్యాల పెట్టెలతో, గుమ్మం ముందు పట్టా మీద బూట్లు తుడుచుకుంటున్నాడు. అత్తయ్య ఎదురు వెళ్లింది. ఆమె నోరు తెరిచేలోపే మామయ్య తన గది తలుపు తెరుచుకుని వచ్చాడు.

"లోబెక్ గారూ, ఇవాళ ముప్పై నాలుగు."

"కాదండీ ఫైబిష్ గారూ. ముప్పై మూడు. నేను లెక్కపెట్టాను."

"నేనూ లెక్కపెట్టాను. దీవెనతో సహా."

ముసలాయన పొరలు కమ్మిన కళ్లతో గదిలోకి చూశాడు. ఖాళీ కుర్చీలు గోడ వారగా సర్దేసి ఉన్నాయి. "అయితే తప్పు నాదే అయ్యుండాలి" అన్నాడు నెమ్మదిగా. "ఈ మధ్య కళ్లతో పాటు అంకెలు కూడా మసకగా కనిపిస్తున్నాయి. క్షమించండి అమ్మగారూ. నిన్న మీరందరూ..." వెనక్కి తిరిగి ఆ నలుగురితో, "పదండర్రా" అన్నాడు.

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. ఆయనను అలా వెళ్లనిస్తే ఏ గొడవా ఉండదు. తప్పు ఆయన ఒప్పుకున్నాడు. అత్తయ్య నన్ను బయటపెట్టదు. స్టెటిన్ దాకా ఆ తప్పు ఆయనతో బండిలో వెళుతుంది, నేను ఇంక ఎప్పటికీ ఆ కృతి వాయించనక్కర్లేదు. ఇంతకంటే సుఖమైన దారి లేదు. ఆ సుఖం ఎంత స్పష్టంగా కనిపించిందంటే, దాన్ని చూసి భయం వేసింది.

"తప్పు ఆయనది కాదు" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. "మీరు 'నిన్న ముప్పై ఒకటి' అన్నారు మామయ్యా. నేను 'నిన్న' వదిలేసి చెప్పాను. నాకు వాయించాలంటే భయం."

నలుగురిలో లావుపాటి వాడు బరువైన పెట్టెను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. మామయ్య నన్ను చాలాసేపు చూశాడు. తప్పు అంకె దొరికినప్పుడు పంచాంగం వంక చూసినట్టే చూశాడు.

"బ్రైనె" అని నన్ను పేరు పెట్టి పిలిచి అడిగాడు, "గ్లోగావ్‌లో మీ నాన్న ఇంట్లో ముప్పై మూడో రోజు తరవాత ఏం చేస్తారు?"

"విడుపేగా మామయ్యా. మంగలి వస్తాడు, పెళ్లిళ్లు మొదలవుతాయి, ఫిడేళ్లు వస్తాయి."

"ముప్పై నాలుగో రోజున?"

"ముప్పై నాలుగున కూడా."

"నీకు మా వాడితో పెళ్లయిందా?"

"లేదు. పండుగ తరవాత."

"అయితే ఇవాళ నువ్వు ఎవరి ఆచారంలో ఉన్నట్టు?"

నేను జవాబిచ్చేలోపే అత్తయ్య అందుకుంది. న్యాయం విషయంలో ఆమె తనను కూడా వదిలిపెట్టేది కాదు. "అయినా అండీ, వాళ్లకి వాయించుకోవచ్చు అంటే, వాయించి తీరాలని కాదు కదా! వాయించనంత మాత్రాన దాని ఆచారమేం తప్పదు."

"నోరు మూసుకోవే ఫ్రాడెల్!" అన్నాడు మామయ్య. "నేను నీ తరఫునే వాదిస్తున్నాను."

లోబెక్ గారు పక్కున నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకున్నాడు.

"పస్కా తరవాత ఈ పిల్లని వద్దన్నది నేనే. తండ్రి ఆచారం అన్నాను. అప్పుడు వద్దనడానికి పనికొచ్చిన మాట, ఇప్పుడు సరేననడానికి ఎందుకు పనికి రాదు? నేనేమీ కచేరీ పెట్టలేదు, నేనెవరినీ పిలవలేదు. నా గదిలో నేను నా పని చూసుకుంటాను." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఈ తలుపు చలికాలంలో ఉబ్బింది, సరిగా పడదు. వడ్రంగిని పిలవాలి ఎప్పుడో."

"మరి నేనెక్కడికి పోవాలి?" అంది అత్తయ్య. "నాది మీ ఆచారమేగా!"

ఈసారి ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఆ పిల్లకి పేజీలు తిప్పేవాళ్లు కావాలిగా. పేజీలు తిప్పడం సంగీతమని ఎక్కడా రాయలేదు. అది పని" అన్నాడు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి లాగాడు. అది జానెడు మేర తెరుచుకునే ఉంది.

కుర్చీలు మళ్లీ లాక్కున్నారు. శ్రుతి నిన్నటిదే, బాగానే నిలిచింది. అతిథులు లేరు, విసనకర్రలు లేవు. లోబెక్ గారు కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి ఎత్తి దించాడు.

మొదటి స్వరం మోగగానే నేను ఉలిక్కిపడ్డాను. మూడు వారాలకు పైగా నేను వాయించిన దానికి ఒక ధ్వని ఉందని నాకు అప్పుడు తెలిసింది. బల్ల మీద టకటకగా పరిగెత్తినవి ఇక్కడ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి. వయొలిన్లు వెనక నుంచి వచ్చి కలిశాయి. భయం ఎక్కడుందో చూద్దామని వెతికాను. ఉంది, పక్కనే ఉంది, నాతో పాటు వింటోంది.

రెండో భాగం నెమ్మదైనది. అందులో ఒకచోట పేజీ తిప్పాలి. అత్తయ్య చెయ్యి చాచింది. వాచిన వేళ్లకు కాగితం మూల దొరకలేదు. ఒకసారి, రెండుసార్లు. పాత పేజీ చివరి గీత అయిపోయింది. నా ఎడమచెయ్యి చల్లబడింది, పూరీము తరవాత ఆ గురువారం లాగే. అప్పుడు నాకు పక్కన అత్తయ్య ఊపిరి వినిపించింది. బల్ల దగ్గర కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు పీల్చే ఊపిరి అది. నేను కాగితం చూడడం మానేసి చెక్కను తలచుకున్నాను. నాలుగో వేలు పడాల్సిన చోట నాలుగో వేలే పడింది. చెయ్యి సాగింది. పేజీ ఎప్పుడు తిరిగిందో నాకు తెలియదు.

అయిపోయాక లోబెక్ గారు నా వైపు తిరిగి, "నాలుగో గీత దగ్గర వేగం ఎక్కువైంది" అన్నాడు నాతో. "అది నా తప్పే. అలాగే రాశాను." అత్తయ్య రాతప్రతిని ఒళ్లో పెట్టుకుని, పేజీల మూలలు సవరిస్తూ ఉంది. ముప్పై ఏళ్ల తరవాత పుట్టింట్లో పాటకు విడుపైన ఆ పదహారు రోజుల్లో ఒక రోజు ఆమెకు తిరిగి దొరికింది. ఆమె ఆ మాట అనలేదు. "కాఫీ తాగండి, బాదం రొట్టెలు నిన్నటివే ఉన్నాయి" అంది.

లోబెక్ గారు కలం అడిగాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, మొదటి పేజీ మీద తన పాత వాక్యం కింద రాశాడు: "ముప్పై మూడో రోజు. మొదటిసారి విన్నాను."

"ముప్పై నాలుగు అండీ" అన్నాను.

"నా లెక్కలో ముప్పై మూడే అమ్మాయ్. స్టెటిన్ వెళ్లాక నాకు ఈ లెక్క చెప్పేవాళ్లెవరు? నా దాన్ని నాకు వదిలెయ్."

ఆ మాటలు విని మామయ్య బయటికి వచ్చాడు. ఇంతసేపూ ఆ గదిలో ఒక్క కాగితం కదిలిన శబ్దం కూడా వినబడలేదని నాకు అప్పుడు తట్టింది. ఆయన బల్ల మీదికి వంగి ఆ వాక్యం చదివాడు. కనుబొమలు ముడిపడ్డాయి. తప్పు అంకె. అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకోబోయి మానుకుంది. మామయ్య కలం సిరాలో ముంచాడు. అంకెను కొట్టేస్తాడని ఎదురుచూశాం అందరం.

ఆయన కొట్టివేయలేదు. ఆ వాక్యానికి ముందున్న కాస్త జాగాలో, మా హీబ్రూ అక్షరాల్లో, కుడినుంచి ఎడమకు, ఒక్క మాట రాసి కలం కింద పెట్టాడు.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

లోబెక్ గారు మరో రెండేళ్లు బతికాడు. అత్తయ్య ఇంకా చాలాకాలం ఉంది. పెళ్లయ్యాక నేనూ మామయ్య ఆచారంలోకి వచ్చాను. ఏటా ఆ పదహారు రోజులూ అత్తా కోడళ్లం భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాళ్లం, నేను చెక్క మీద వాయించేదాన్ని, ఆమె తప్పులు పట్టేది. ఆ రాతప్రతి ఇప్పుడు నా దగ్గర ఉంది. మొదటి పేజీ తెరిస్తే, రెండు దస్తూరీలు కలిసి ఒకే వాక్యం కనబడుతుంది: "నిన్న ముప్పై మూడో రోజు. మొదటిసారి విన్నాను."